విదేశంలో ఆస్తి వారసత్వంగా వస్తే: పన్ను ఎవరు కట్టాలి, ఎక్కడ కట్టాలి, ఎప్పటిలోగా కట్టాలి

మా మేనమామ 2023లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పోయారు. పెళ్లి చేసుకోలేదు. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉన్నారు, పౌరసత్వం కూడా తీసుకున్నారు. 2009లో కొనుక్కున్న ఇంటిని విజయవాడలో ఉన్న మా అమ్మకు రాసి పెట్టారు. దినకర్మలు అయ్యాక ఇంటికి వచ్చిన వాళ్లంతా ఒకటే మాట: "ఇండియాలో వారసత్వ పన్ను లేదు కదా, టెన్షన్ పడకండి." ఆ మాట అబద్ధం కాదు. 1985 మార్చి 16 నుంచి మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ (పోయినవారి ఆస్తి మీద పన్ను) లేదు. కానీ ఇల్లు ఉన్నది మన దేశంలో కాదు. ఆ ధైర్యంతో నాలుగు నెలలు ఊరుకున్నాం. మూడు నెలల్లోపు కడితే ఆ రాష్ట్రం పన్నులో 5 శాతం తగ్గిస్తుందని తర్వాత తెలిసింది. అప్పటికే గడువు దాటిపోయింది.

మా లాంటి ఇళ్లు ఆంధ్రలో, తెలంగాణలో ఇప్పుడు చాలా ఉన్నాయి. ఇల్లు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటుంది, వారసులు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉంటారు. మేము రెండేళ్లలో నేర్చుకున్నది వరుసగా రాస్తున్నాను. ఎక్కువగా అమెరికా గురించే రాస్తాను, చివర బ్రిటన్ గురించి, ఇండియాలో ఆస్తి వచ్చిన ఎన్నారైల గురించి కొంత చెబుతాను.

ముందు మూడు ప్రశ్నలు

కాగితం మీద మూడు జవాబులు రాసుకోండి. పోయినవారు ఏ దేశాన్ని శాశ్వత నివాసం చేసుకున్నారు? ఆస్తి ఎక్కడ ఉంది? వారసులు ఎక్కడ ఉంటున్నారు? ఈ మూడింటిని బట్టే పన్ను తేలుతుంది.

మన వాళ్లు "వారసత్వ పన్ను" అని ఒకే మాటతో పిలిచేవి నిజానికి మూడు వేర్వేరు పన్నులు. మొదటిది ఎస్టేట్ పన్ను. పోయినవారి మొత్తం ఆస్తి మీద, పంచకముందే, ఆ ఆస్తిలోంచే కట్టేది. రెండోది అసలైన వారసత్వ పన్ను. వారసుడికి వచ్చిన వాటా మీద, పోయినవారితో ఆయనకున్న బంధుత్వాన్ని బట్టి వేసేది. మూడోది వారసుడు ఆ ఆస్తిని అమ్మినప్పుడు లాభం మీద కట్టే ఆదాయపు పన్ను. అమెరికాలో మొదటిది కేంద్ర ప్రభుత్వం వేస్తుంది, కొన్ని రాష్ట్రాలూ వేస్తాయి. రెండోది కొన్ని రాష్ట్రాల్లోనే ఉంది. మూడోది అమెరికా, ఇండియా రెండూ అడుగుతాయి.

మొదటి మెట్టు: మొదటి నెలలోనే చేయాల్సినవి

మరణ ధ్రువపత్రం అసలు ప్రతులు కనీసం పది తీసుకోండి. బ్యాంకు, కౌంటీ ఆఫీసు, ఇన్సూరెన్స్ కంపెనీ, ఎవరికి వారు అసలు ప్రతే అడుగుతారు. వీలునామా ఉందేమో వెతికించండి. లేకపోతే ఆ రాష్ట్రపు చట్టం ప్రకారం వారసులు తేలతారు, మన హిందూ వారసత్వ చట్టం ప్రకారం కాదు. అమెరికాలో ఉన్న ఇంటికి ఆ ఇల్లున్న రాష్ట్రపు చట్టమే వర్తిస్తుంది.

ఇంటి ఇన్సూరెన్స్ సంగతి చాలామంది మర్చిపోతారు. ఇల్లు 30 రోజులో 60 రోజులో ఖాళీగా ఉంటే చాలా పాలసీల్లో రక్షణ తగ్గిపోతుంది. చలికాలంలో పైపు పగిలితే నష్టమంతా మన మీదే పడుతుంది. ఇల్లు ఖాళీగా ఉందని కంపెనీకి చెప్పి, దానికి తగ్గ పాలసీ తీసుకోవాలి. ప్రాపర్టీ టాక్స్, హోమ్ లోన్ వాయిదాలు ఎస్టేట్ డబ్బులోంచి ఆగకుండా కట్టిస్తూ ఉండాలి.

ఇక్కడి నుంచి వాళ్లు అడిగేవి వారసులు ఎవరో చెప్పే పత్రం, గుర్తింపు కార్డులు, అక్కడ మన తరఫున సంతకం చేసేవారికి పవర్ ఆఫ్ అటార్నీ. మీసేవ ద్వారా తీసుకున్న కుటుంబ సభ్యుల ధ్రువపత్రం మొదలుకొని మనం పంపే పత్రాలకు నోటరీ, ఆ మీద విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర కావాల్సి రావచ్చు. ఇండియా 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది, అమెరికా కూడా ఉంది కాబట్టి ఆ ముద్ర అక్కడ చెల్లుతుంది. పవర్ ఆఫ్ అటార్నీకి హైదరాబాద్‌లోని అమెరికన్ కాన్సులేట్‌లో కూడా నోటరీ సేవ ఉంది.

రెండో మెట్టు: మరణించిన రోజు నాటి విలువ

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. పోయిన రోజున ఆ ఇంటి మార్కెట్ విలువ ఎంతో లైసెన్స్ ఉన్న అప్రైజర్‌తో రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇంటర్నెట్‌లో కనిపించే అంచనా ధర సరిపోదు. ఎస్టేట్ పన్ను ఆ విలువ మీదే, రాష్ట్ర వారసత్వ పన్నూ ఆ విలువ మీదే. రేపు ఇల్లు అమ్మితే అమెరికా లాభం లెక్కించేది కూడా ఆ విలువ నుంచే. మామయ్య 2009లో ఆ ఇల్లు 1,80,000 డాలర్లకు కొన్నారు. పోయిన రోజుకు అది 3,20,000. అమెరికా దృష్టిలో అమ్మకు ఆ ఇంటి ఖరీదు 3,20,000 డాలర్లు, మామయ్య కట్టిన 1,80,000 కాదు. మధ్యలో పెరిగిన 1,40,000 మీద అమెరికా ఆదాయపు పన్ను ఎప్పటికీ పడదు.

రెండు మూడేళ్ల తర్వాత కూడా పాత తేదీకి విలువ కట్టించుకోవచ్చు. కానీ అప్పటికి ఇంటి స్థితి మారిపోయి ఉంటుంది, ఫొటోలు ఉండవు. మొదటి నెలలోనే చేయించండి.

మూడో మెట్టు: కేంద్ర ఎస్టేట్ పన్ను మనకు వర్తిస్తుందా

పోయినవారు అమెరికా పౌరులైనా, అక్కడే స్థిరపడినవారైనా 2026లో ఒక్కొక్కరికి 1.5 కోట్ల డాలర్ల వరకు మినహాయింపు ఉంది. 2025లో పోయినవారికి అది 1 కోటీ 39 లక్షల 90 వేలు. అంతకు మించితేనే పన్ను, అది 40 శాతం దాకా వెళుతుంది. మామూలు ఉద్యోగి కుటుంబానికి ఇది రాదు. మాకూ రాలేదు.

ఇబ్బంది ఇంకోచోట ఉంది. పోయినవారు పౌరులు కాకుండా, అక్కడ స్థిరపడినట్టు కూడా తేలకపోతే వాళ్లకు మినహాయింపు 60,000 డాలర్లు మాత్రమే. ఇంత పెద్ద తేడా ఉందని మన వాళ్లలో చాలామందికి తెలియదు. స్థిరపడటం అంటే ఇక్కడ ఆదాయపు పన్నులో రోజులు లెక్కపెట్టే నివాసం కాదు. అక్కడే ఉండిపోవాలనే ఉద్దేశం ఉందా అని చూస్తారు. హెచ్1బీ మీద పదేళ్లు ఉన్న అబ్బాయి అమెరికాలో స్థిరపడ్డవాడా, తిరిగి వచ్చేవాడా? ఇల్లు కొన్నాడా, కుటుంబం ఎక్కడుంది, గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టాడా, ఇలాంటి సాక్ష్యాలతో తేలాలి. కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులకు ఇవన్నీ సేకరించడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఆ కాగితాలు దాచండి. పన్ను లక్షల డాలర్లు మారేది వాటి మీదే.

ఇండియా, అమెరికాల మధ్య ఎస్టేట్ పన్ను ఒప్పందం లేదు. ఆదాయపు పన్నుకు ఉన్న ఒప్పందం ఇక్కడ పనికిరాదు. భర్త పోతే భార్యకు వెళ్లే ఆస్తిపై పన్ను ఉండదన్న నియమం కూడా ఆమె అమెరికా పౌరురాలు కాకపోతే నేరుగా వర్తించదు. దానికి వేరే ట్రస్టు పెట్టాల్సి వస్తుంది.

ఇక్కడ ఒక పక్క మాట చెప్పాలి. అమెరికాలో ఎప్పుడూ ఉండనివారికి కూడా ఇది తగులుతుంది. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో పనిచేస్తూ అమెరికన్ మాతృసంస్థ షేర్లు జీతంలో భాగంగా అందుకునేవారు, యాప్‌ల ద్వారా అమెరికన్ షేర్లు కొనేవారు చాలామంది ఉన్నారు. అమెరికన్ కంపెనీ షేరు ఎక్కడి ఖాతాలో ఉన్నా అమెరికాలో ఉన్న ఆస్తి కిందకే వస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న మనిషి 2,00,000 డాలర్ల విలువైన అలాంటి షేర్లు వదిలి పోతే, మినహాయింపు పోను పన్ను సుమారు 41,800 డాలర్లు. 706-ఎన్ఏ అనే రిటర్ను తొమ్మిది నెలల్లో వేయాలి. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఇచ్చే బదిలీ ధ్రువపత్రం చూపించేదాకా బ్రోకర్లు సాధారణంగా ఖాతా విడుదల చేయరు. అమెరికా బ్యాంకులో మామూలుగా వేసుకున్న డిపాజిట్లు, పోయినవారి సొంత జీవిత బీమా డబ్బు మాత్రం ఈ లెక్కలోకి రావు. ఇండియన్ మ్యూచువల్ ఫండ్ ద్వారా అమెరికా మార్కెట్లో పెట్టినది కూడా రాదు, ఎందుకంటే మన చేతిలో ఉన్నది ఇండియన్ ఫండ్ యూనిట్.

ఇల్లు ఉండి, దాని మీద లోన్ కూడా ఉంటే, ఇలా అక్కడ స్థిరపడనివారి కేసుల్లో ఆ లోన్‌ను పూర్తిగా తీసివేయనివ్వకపోవచ్చు. పోయినవారి ప్రపంచవ్యాప్త ఆస్తులన్నీ చూపిస్తే, అందులో అమెరికా వాటా ఎంతో ఆ నిష్పత్తిలోనే అప్పును తగ్గించుకోనిస్తారు.

నాలుగో మెట్టు: రాష్ట్రం పన్ను

మాకు తగిలింది ఇదే. పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, మేరీలాండ్, కెంటకీ, నెబ్రాస్కా రాష్ట్రాల్లో వారసత్వ పన్ను ఉంది. అయోవా 2025 నుంచి తీసేసింది. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో ఎస్టేట్ పన్నూ లేదు, వారసత్వ పన్నూ లేదు. ఒరెగాన్, మసాచుసెట్స్ లాంటి చోట్ల రాష్ట్రపు సొంత ఎస్టేట్ పన్ను ఉంది. ఒరెగాన్‌లో అది పది లక్షల డాలర్ల నుంచే మొదలవుతుంది.

పెన్సిల్వేనియాలో భార్యాభర్తల మధ్య పన్ను లేదు. పిల్లలకు, తల్లిదండ్రులకు సాధారణంగా 4.5 శాతం, అక్కచెల్లెళ్లకు అన్నదమ్ములకు 12 శాతం, మేనల్లుడికీ స్నేహితుడికీ 15 శాతం. మామయ్య ఆ ఇల్లు నా పేర రాసి ఉంటే 15 శాతం పడేది, అమ్మ పేర రాశారు కాబట్టి 12. అంత్యక్రియల ఖర్చు, లాయరు ఫీజు, అప్పులు తీసేస్తే పన్ను పడే మొత్తం 3,00,000 డాలర్లు తేలింది. పన్ను 36,000. మూడు నెలల్లో కట్టి ఉంటే 1,800 డాలర్లు మిగిలేవి. తొమ్మిది నెలలు దాటితే వడ్డీ మొదలవుతుంది.

న్యూజెర్సీలో తల్లిదండ్రులకు, పిల్లలకు పన్ను లేదు. తోబుట్టువులకు మొదటి 25,000 డాలర్లు మినహాయించి 11 శాతం నుంచి మొదలవుతుంది. కాబట్టి "అమెరికాలో ఎంత?" అని అడిగితే జవాబు దొరకదు. ఏ రాష్ట్రం, వారసుడు ఏమవుతాడు అని అడగాలి. వారసుడు ఇండియాలో ఉన్నాడన్నది ఈ పన్నుకు అడ్డం కాదు.

అయిదో మెట్టు: ఇల్లు ఎవరి పేరుతో అమ్మాలి

వీలునామాను కౌంటీలోని రిజిస్టర్ ఆఫ్ విల్స్ దగ్గర దాఖలు చేసి, ఎగ్జిక్యూటర్‌కు (వీలునామాను అమలు చేసేవారికి) అధికార పత్రం తెచ్చుకున్నాక రెండు దారులుంటాయి. ఎస్టేట్ పేరుతోనే అమ్మి డబ్బు పంచడం ఒకటి, ఇంటిని వారసుడి పేరుకు మార్చాక అమ్మడం రెండోది. ఇది ఏదో ఒకటి అని వదిలేసే విషయం కాదు. రెండు దేశాల పన్నూ దీన్ని బట్టి మారుతుంది. ఇల్లు అమ్మకానికి పెట్టకముందే అక్కడి పన్ను అకౌంటెంట్ (సీపీఏ)తో, ఇక్కడి ఆడిటర్‌తో ఒకే ఫోన్ కాల్‌లో మాట్లాడి తేల్చుకోండి.

వారసుడి పేరుకు మారాక అమ్మితే, విదేశీయుడు అమెరికా స్థిరాస్తి అమ్మినప్పుడు వర్తించే నియమం వస్తుంది. కొన్నవారు లాభంతో పని లేకుండా మొత్తం అమ్మకం ధర మీద 15 శాతం పట్టుకుని ఐఆర్ఎస్‌కు కడతారు. కొన్నవారు అందులో నివసించడానికే కొంటే, ధర 3 లక్షల డాలర్ల లోపైతే పట్టుకోరు, 10 లక్షల లోపైతే 10 శాతం పట్టుకుంటారు. మా ఇల్లు 3,25,000కు పోయింది. కొన్న దంపతులు అందులో ఉండబోతున్నారు కాబట్టి 32,500 పట్టుకున్నారు. అమ్మకం ఖర్చులు పోను మిగిలిన ధర 3,05,500. అది 3,20,000 కంటే తక్కువ కాబట్టి అమెరికా లెక్కలో లాభమే లేదు. మరుసటి ఏడాది విదేశీయులు వేసే 1040-ఎన్ఆర్ రిటర్ను వేసి, పట్టుకున్న ఆ డబ్బు తిరిగి తెచ్చుకోవాలి.

దానికి అమ్మకు అమెరికా పన్ను నంబర్ కావాలి. డబ్ల్యూ-7 ఫారంతో ఐటీఐఎన్‌కు దరఖాస్తు పెట్టాలి. దానికి నెలలు పడుతుంది. లాభం లేదని ముందే చూపించి తక్కువ పట్టుకునేలా 8288-బి దరఖాస్తు పెట్టే అవకాశం ఉంది, కానీ అది అమ్మకం ముగిసే రోజుకల్లా దాఖలు కావాలి. ఐటీఐఎన్ పనులు ముందే మొదలుపెట్టకపోవడంతో ఆ అవకాశం మాకు దక్కలేదు. ఎగ్జిక్యూటర్ అధికార పత్రం చేతికొచ్చిన వారంలోనే దీనికి కూర్చోండి.

ఆరో మెట్టు: ఇండియాలో ఏం చూపించాలి, ఏం కట్టాలి

వారసత్వంగా వచ్చిన దాని మీద ఇండియాలో పన్ను లేదు. విదేశంలో ఉన్నవారి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తిని ఇండియా నివాసి అక్కడే ఉంచుకోవడానికి విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) ఒప్పుకుంటుంది. అమ్మిన డబ్బు ఇక్కడికి తెచ్చుకోవడానికీ అడ్డం లేదు. బ్యాంకు వీలునామా, అమ్మకం పత్రాలు అడుగుతుంది, అంతే.

కానీ చూపించడం తప్పనిసరి. ఇండియాలో సాధారణ నివాసి అయినవారు ఆదాయం పన్ను పరిమితి కంటే తక్కువున్నా సరే, విదేశీ ఆస్తి ఉంటే రిటర్ను వేయాలి. అందులో ఎఫ్ఏ షెడ్యూల్‌లో ఆ ఇంటిని, అక్కడి ఖాతాలను రాయాలి. ఇక్కడ లెక్క జనవరి నుంచి డిసెంబరు దాకా, మన ఆర్థిక సంవత్సరం ప్రకారం కాదు. రాయకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడొచ్చు. 2024 అక్టోబరు నుంచి 20 లక్షల లోపు ఆస్తులకు ఈ జరిమానాలో సడలింపు ఇచ్చారు గానీ అందులో స్థిరాస్తి లేదు. ఇంటికి ఆ సడలింపు వర్తించదు. అరవై ఏళ్లు దాటి ఎప్పుడూ రిటర్ను వేయని తల్లిదండ్రులకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. దయచేసి మీరు చెప్పండి.

ఆ ఇంటికి అద్దె వస్తుంటే అది ఇండియాలో కూడా ఆదాయమే. అక్కడ కట్టిన ఆదాయపు పన్నుకు ఇక్కడ క్రెడిట్ దొరుకుతుంది, దానికి విదేశీ పన్ను క్రెడిట్ ఫారం వేయాలి.

ఇక అమ్మినప్పటి లాభం. ఇక్కడ అమెరికాకూ ఇండియాకూ లెక్క కలవదు. మరణించిన రోజు విలువను ఇండియా చూడదు. పోయినవారు ఎంతకు కొన్నారో అదే వారసుడి కొనుగోలు ధర. కాబట్టి అమెరికాలో లాభం సున్నా అయిన అదే అమ్మకంలో, ఇండియా లెక్కలో 3,05,500 నుంచి 1,80,000 తీసేసి 1,25,500 డాలర్ల లాభం కనిపిస్తుంది. అమెరికాలో పన్ను పడలేదు కాబట్టి ఇక్కడ తగ్గించుకోవడానికి క్రెడిట్ కూడా లేదు. పెన్సిల్వేనియాకు కట్టిన 36,000 ఆదాయపు పన్ను కాదు, దానికీ క్రెడిట్ రాదు.

రేటు 12.5 శాతం, దీర్ఘకాలిక లాభం మీద. మామయ్య దగ్గర ఆ ఇల్లు ఉన్న కాలం కూడా కలుస్తుంది కాబట్టి 24 నెలల షరతు తేలిగ్గానే దాటుతుంది. 2024 జులై 23కు ముందు కొన్న ఇల్లయితే నివాసులు ద్రవ్యోల్బణ సూచీ కలిపి 20 శాతం లెక్కతో కూడా పోల్చి చూసుకుని ఏది తక్కువైతే అది కట్టొచ్చు. పాత ఇళ్లకు ఈ రెండో లెక్క చాలాసార్లు బాగా కలిసొస్తుంది. డాలర్లను ఏ తేదీ రేటుతో రూపాయల్లోకి మార్చాలన్నది కూడా మొత్తాన్ని బాగా మారుస్తుంది. రెండు లెక్కలూ కాగితం మీద వేసి చూపమని ఆడిటర్‌ను అడగండి. ఆ డబ్బుతో రెండేళ్లలోపు ఇండియాలో ఇల్లు కొనే ఆలోచన ఉంటే దానికున్న మినహాయింపు గురించీ అప్పుడే మాట్లాడండి.

మామయ్య ఇల్లు కొన్నప్పుడు ధర, ఖర్చులు రాసి ఇచ్చిన క్లోజింగ్ పత్రం ఆయన గరాజులో ఒక అట్టపెట్టెలో దొరికింది. కొత్త పైకప్పు, వంటగది మార్పించిన బిల్లులు కూడా అందులోనే ఉన్నాయి. ఇండియా లెక్కలో ఆ బిల్లులు ఖర్చు కిందకి వచ్చాయి. ఇల్లు ఖాళీ చేయించేటప్పుడు ఒక్క కాగితం కూడా పారేయనివ్వకండి.

బ్రిటన్‌లో అయితే

అక్కడ వారసత్వ పన్ను అందరికీ తెలిసిన విషయమే, 3,25,000 పౌండ్లు దాటిన దాని మీద 40 శాతం. సొంతిల్లు పిల్లలకు వెళితే ఇంకో 1,75,000 దాకా కలుస్తుంది. 2025 ఏప్రిల్ 6 నుంచి, గత 20 ఏళ్లలో 10 ఏళ్లు బ్రిటన్‌లో ఉన్నవారికి ప్రపంచంలో ఎక్కడున్న ఆస్తి మీదైనా ఈ పన్ను వర్తిస్తుంది. అంటే లండన్‌లో ఉన్న వ్యక్తి పోతే తెనాలిలోని ఆయన స్థలం కూడా లెక్కలోకి రావొచ్చు. అయితే ఇండియాతో 1956 నాటి ఎస్టేట్ డ్యూటీ ఒప్పందం ఇంకా అమల్లోనే ఉంది, కొన్ని కేసుల్లో ఇండియా ఆస్తికి అది రక్షణ ఇస్తుంది. వీలునామా ఏ దేశపు చట్టం కింద రాశారన్నది అందులో కీలకం. కాబట్టి ఇండియా ఆస్తికి ఇండియాలో విడిగా వీలునామా రాయడం గురించి ముందే లాయరును అడగడం మంచిది. పన్ను గడువు మరణించిన నెల తర్వాత ఆరో నెల చివర. ఇంటి మీద పన్నును పదేళ్ల వాయిదాల్లో కట్టొచ్చు.

ఆస్ట్రేలియా, సింగపూర్, యూఏఈల్లో వారసత్వ పన్ను లేదు. కెనడాలో ఆ పేరుతో లేదు గానీ, పోయిన రోజున ఆస్తిని అమ్మినట్టే భావించి లాభం మీద ఆదాయపు పన్ను లెక్కిస్తారు.

ఇదే విషయం, అటు వైపు నుంచి

అమెరికాలో ఉన్న పిల్లలకు గుంటూరు జిల్లాలో నాన్న స్థలం వస్తే ఇండియాలో పన్ను లేదు, అమెరికాలో కూడా వారసత్వం మీద ఆదాయపు పన్ను లేదు. కానీ అమెరికాయేతరుల నుంచి ఒక ఏడాదిలో 1,00,000 డాలర్లకు మించి వస్తే 3520 ఫారంలో చెప్పాలి. చెప్పకపోతే నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా ఉండొచ్చు. డబ్బు ఇండియా ఖాతాలో పడి మొత్తం 10,000 డాలర్లు దాటితే విదేశీ ఖాతాల రిపోర్టు కూడా వేయాలి. ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనలేరు గానీ వారసత్వంగా పొందగలరు. దాన్ని అమ్మాల్సి వస్తే ఇండియా నివాసికే అమ్మాలి.

అమ్మేటప్పుడు లెక్క మళ్లీ రెండు రకాలు. ఇండియా నాన్న కొన్న ధర చూస్తుంది. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ తేదీ నాటి విలువ తీసుకోవచ్చు. అమెరికా మాత్రం నాన్న పోయిన రోజు విలువే చూస్తుంది. అందుకే ఇక్కడ కూడా ఒక రిజిస్టర్డ్ వాల్యుయర్‌తో ఆ రోజు నాటి మార్కెట్ విలువ నివేదిక తీయించాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు రేటు సాధారణంగా అసలు ధర కంటే తక్కువ ఉంటుంది. దాన్నే అమెరికా రిటర్నులో రాస్తే లేని లాభం మీద పన్ను కట్టాల్సి వస్తుంది.